వీక్షణ ప్రాంతాల పక్కన ఎలుగుబంట్ల ట్రోఫీ వేట: అధికారులకు అభిప్రాయం ఎలా రాయాలి

అలాస్కాలోని మెక్‌నీల్ నది జలపాతం దగ్గర వేసవిలో రోజుకు 10 మంది సందర్శకులకు మాత్రమే అనుమతి ఉంటుంది. చమ్ సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ వచ్చే ఆ వారాలలో గోధుమ ఎలుగుబంట్లు డజన్ల కొద్దీ అక్కడ గుమిగూడి, కంకర పరిచిన చిన్న మెరక మీద కూర్చున్న మనుషులకు కొద్ది అడుగుల దూరంలోనే చేపలు తింటాయి, కునుకు తీస్తాయి, పిల్లలకు పాలిస్తాయి. ఆ మనుషుల వల్ల తమకు హాని లేదని అవి ఏళ్ల తరబడి అనుభవంతో తెలుసుకున్నాయి. అదే ఎలుగుబంటి చేపల కాలం ముగిశాక అభయారణ్యం సరిహద్దు దాటి పక్క నేలలోకి అడుగుపెడితే, తోలు కోసం, పుర్రె కోసం దానిని కాల్చడానికి, అంటే ట్రోఫీ వేటకు, ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చా అన్నదే ఈ వివాదానికి మూలం.

ఈ ప్రశ్న అలాస్కాలో వేట నియమాలను నిర్ణయించే గేమ్ బోర్డు ముందుకూ, వయోమింగ్ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ముందుకూ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ముందుకూ వేర్వేరు రూపాలలో వచ్చింది. ఇలాంటి నిర్ణయాలకు ముందు ప్రజల అభిప్రాయాలను రాతపూర్వకంగా స్వీకరించడం అక్కడి ఆనవాయితీ. అయితే ఆవేదనతోనో ఆగ్రహంతోనో రాసిన ఉత్తరం ఎంత నిజాయితీగా ఉన్నా, ఓటు వేయవలసిన సభ్యుడికి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకకపోతే అది పక్కకు వెళ్లిపోతుంది. అలా పక్కకు వెళ్లని ఉత్తరాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా వైఖరిని దాచుకోవడం లేదు: మనుషుల్ని నమ్మేలా ఎలుగుబంట్లను మనమే అలవాటు చేసిన చోట, ఆ చుట్టుపక్కల వేట ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఇక్కడ చెప్పే పరిశీలన క్రమం వేటను సమర్థించేవారికి కూడా అంతే పనికొస్తుంది.

ముందుగా పటం తెరవండి

మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ నేల ఎవరి అధికారంలో ఉందన్నది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే చాలా వాదనలు అడ్రసు తప్పిన ఉత్తరాలవుతాయి.

మెక్‌నీల్ నే తీసుకోండి. అక్కడి అభయారణ్యాన్ని 1967లో అలాస్కా శాసనసభ ఏర్పాటు చేసింది. లాటరీ ద్వారా అనుమతులిచ్చే పద్ధతి 1973లో మొదలైంది. అభయారణ్యం లోపల వేట నిషిద్ధం, దాని గురించి వివాదం లేదు. వివాదమంతా దాన్ని ఆనుకొని ఉన్న రాష్ట్ర భూముల గురించి. 2005లో గేమ్ బోర్డు ఆ పక్క భూములలో గోధుమ ఎలుగుబంట్ల వేటకు దారి తెరుస్తూ, అది 2007లో అమలులోకి వచ్చేలా నిర్ణయించింది. దాదాపు 30 ఏళ్లు ఆ అభయారణ్యాన్ని నడిపిన లారీ ఆమిల్లర్ ఆ నిర్ణయంతో విభేదించి 2005లోనే ఉద్యోగం వదులుకున్నారు. విస్తృతమైన ప్రజాభిప్రాయం వ్యతిరేకంగా రావడంతో, వేట మొదలుకాకముందే 2007 మార్చిలో బోర్డు తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అప్పట్లో ఎవరైనా “అభయారణ్యంలో వేటకు అనుమతించకండి” అని రాసి ఉంటే, బోర్డు సభ్యుడు “మేము అభయారణ్యం గురించి మాట్లాడడమే లేదు” అని ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టగలిగేవాడు. “అభయారణ్యానికి ఆనుకొని ఉన్న ఫలానా భూమిలో” అని రాసినవాడికి ఆ సమాధానం చెప్పడం కుదరదు.

మెక్‌నీల్‌కు పొరుగునే ఉన్న కాట్మాయ్ ఇంకో రకమైన చిక్కుముడి. 1918లో జాతీయ స్మారకంగా మొదలైన కాట్మాయ్, 1980 నాటి అలాస్కా భూముల చట్టంతో జాతీయ ఉద్యానం, జాతీయ ప్రిజర్వ్ అనే రెండు భాగాలైంది. ఎలుగుబంట్లు జలపాతం అంచున నిలబడి సాల్మన్‌ను నోటితో అందుకునే ప్రసిద్ధ దృశ్యం బ్రూక్స్ జలపాతానిది. అది ఉద్యానంలో ఉంది, అక్కడ వేట నిషిద్ధం. ఉత్తరాన ఉన్న ప్రిజర్వ్ కూడా జాతీయ ఉద్యానాల సంస్థ నిర్వహణలోనే ఉన్నా, ఆ 1980 చట్టమే అక్కడ క్రీడా వేటకు చోటిచ్చింది, వేట కాలాలను రాష్ట్ర నియమాలు నిర్ణయిస్తాయి. ఆ ప్రిజర్వ్‌లో ప్రవహించే మొరెయిన్ క్రీక్ గట్ల మీద ఆగస్టులో సందర్శకులు ఎలుగుబంట్ల మధ్య నిలబడి చేపలు పడతారు. అక్టోబరు వచ్చేసరికి అదే నేల మీద తుపాకులు దిగవచ్చు. “జాతీయ ఉద్యానంలో వేట సాగుతోంది” అని కాట్మాయ్ గురించి రాస్తే అది తప్పు. “జాతీయ ఉద్యానాల సంస్థ నిర్వహించే ప్రిజర్వ్‌లో, సందర్శకులకు అలవాటుపడిన ఎలుగుబంట్లు తిరిగే వాగుల దగ్గర వేట సాగవచ్చు” అని రాస్తే అది నిజం, పైగా మరింత బలమైన మాట.

వయోమింగ్ వైపున్న ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ జాతీయ ఉద్యానాల దగ్గర ఇంకొక అంచె ఉంది. ఉద్యానాల లోపల వేట లేదు. సరిహద్దు దాటి జాతీయ అటవీ భూములలోకి వెళ్లిన గ్రిజ్లీ (గోధుమ ఎలుగుబంటికే ఇంకో పేరు) గతి మాత్రం, అది ఫెడరల్ అంతరించిపోయే జాతుల చట్టం కింద రక్షిత జాబితాలో ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. జాబితాలో ఉన్నంతకాలం రాష్ట్రానికి వేట కాలం ప్రకటించే అధికారమే లేదు. కనుక అక్కడ ఉత్తరం ముందుగా వెళ్లవలసింది ఫెడరల్ మత్స్య, వన్యప్రాణి సేవా సంస్థకు. జాబితా నుంచి తొలగించాక మాత్రమే రాష్ట్ర కమిషన్‌కు.

అధికార పరిధి తేలాక, వేట విభాగపు సరిహద్దులు చూపే అధికారిక పటం మీద వీక్షణ స్థలం, చేపలు వచ్చే వాగులు, వసంతంలో పచ్చిక మేసే తీరప్రాంతపు బీళ్లు గుర్తుపెట్టుకొని, ప్రతిపాదిత వేట నేలకు వాటి దూరాన్ని కొలవండి. మెక్‌నీల్ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 200 చదరపు మైళ్లు, అంటే 500 చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. ఎదిగిన మగ ఎలుగుబంటి ఒక్కటే తిరిగే పరిధి అనేక వందల చదరపు కిలోమీటర్లు ఉండవచ్చు. సరిహద్దు లోపలే ఉండిపోయే ఎలుగుబంటి అంటూ దాదాపు ఉండదని ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. మీ ఉత్తరంలో దీనికి ఒక వాక్యం చాలు.

వేటగాడి ఉద్దేశం జోలికి పోకండి

“ట్రోఫీ వేట” అన్న మాటకు ప్రజలలో ఉన్న వ్యతిరేకత ఎంత పెద్దదో, నియమావళిలో దాన్ని నిర్వచించడం అంత కష్టం. ఈ సంగతి బ్రిటిష్ కొలంబియా అనుభవంలో బాగా తేటపడింది. ఆ రాష్ట్రంలో సుమారు 15,000 గ్రిజ్లీలు ఉన్నాయని ప్రభుత్వ అంచనా. ఏటా దాదాపు 250 వేటలో చనిపోయేవి. 2017 ఆగస్టులో కొత్తగా వచ్చిన ప్రభుత్వం ట్రోఫీ వేటను ఆపుతున్నట్టు, తీరం వెంట ఉన్న గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్ అడవులలో మాత్రం గ్రిజ్లీల వేటను పూర్తిగా మూసివేస్తున్నట్టు ప్రకటించింది. మిగతా చోట్ల మాంసం కోసం వేటాడవచ్చు, కానీ తల, పాదాలు, తోలు వేటగాడు ఉంచుకోకూడదు అన్నది ఆ ఏర్పాటు. వినడానికి సమంజసంగానే ఉంది. కానీ మాంసం కోసం చంపాడో గోడకు తగిలించుకోవడానికి చంపాడో అడవిలో ఎవరు తేల్చాలి? విడిచిపెట్టిన తోలు ఎవరికి చేరాలి? ఈ ఏర్పాటు పెద్ద కన్నమవుతుందని సంరక్షణవాదులు, ఆదివాసీ నాయకులు వెంటనే ఎత్తిచూపారు. ప్రభుత్వం జరిపిన సంప్రదింపులలో అభిప్రాయం చెప్పినవారిలో 78 శాతం వేటను పూర్తిగా ఆపాలన్నారు. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రమంతటా గ్రిజ్లీల వేటను మూసివేసి, ఆహార, సామాజిక, ఆచార అవసరాల కోసం ఆదివాసీ జాతులకు ఉన్న హక్కును మాత్రం అలాగే ఉంచారు.

దీని నుంచి మీ ఉత్తరానికి తీసుకోవలసింది ఏమిటంటే, మనిషి మనసులో ఏముందో అన్నదాని మీద నిలిచే నియమాన్ని కోరవద్దు. నేల మీద గీయగలిగిన గీతనూ, కేలండర్‌లో చూపగలిగిన తేదీనీ కోరండి. అలాస్కాలో ఇది మరింత ముఖ్యం. అక్కడ చాలా చోట్ల గోధుమ ఎలుగుబంటి మాంసాన్ని తప్పక తీసుకెళ్లాలన్న నియమం లేదు. తోలు, పుర్రె మాత్రం తీసుకొచ్చి అధికారుల చేత ముద్ర వేయించుకోవాలి. అంటే చట్టమే ఆ వేటను చాలావరకు తోలు, పుర్రెల కోసమనే పరిగణిస్తోంది. “ట్రోఫీ కోసం చంపడం అనైతికం” అన్న మీ భావన నాది కూడా కావచ్చు, కానీ ఆ బోర్డు ముందు అది ప్రతిపాదన కాదు. “ఫలానా వాగుకు ఇరువైపులా ఇన్ని మైళ్ల మేర గోధుమ ఎలుగుబంట్ల వేటను మూసివేయండి” అన్నది ప్రతిపాదన.

సంఖ్యల వాదంలో చిక్కుకోకండి

వేటను వ్యతిరేకించేవారు తరచుగా చేసే పొరపాటు, ఎలుగుబంట్లు అంతరించిపోతాయని హెచ్చరించడం. అలాస్కా విషయంలో ఈ మాట నిలవదు. ఆ రాష్ట్రంలో సుమారు 30,000 గోధుమ ఎలుగుబంట్లు ఉన్నాయి. కోడియాక్ దీవులలోనే దాదాపు 3,500 ఉన్నాయి. అక్కడ కఠినమైన అనుమతుల పద్ధతిలో ఏటా 180 దాకా వేటలో చనిపోతున్నా, వాటిలో అధికభాగం మగవి కావడంతో మొత్తం సంఖ్య పెద్దగా తగ్గకుండా నిలుస్తోంది. వేటను సమర్థించేవారి చేతిలో ఉన్న అత్యంత బలమైన ఆధారం ఇదే. దీన్ని మీ ఉత్తరంలో ముందుగా మీరే ఒప్పుకోవడం మంచిది, ఎందుకంటే మీరు కాదంటే సభ్యులు మీ మిగతా ఉత్తరాన్ని కూడా అనుమానంతోనే చదువుతారు.

ఎల్లోస్టోన్ పరిస్థితి వేరు. 1975లో అక్కడి గ్రిజ్లీలను ముప్పులో ఉన్నవిగా జాబితాలో చేర్చినప్పుడు ఆ ప్రాంతంలో 136 మాత్రమే మిగిలి ఉన్నాయని అంచనా. నేడు వెయ్యికి చేరువలో ఉన్నాయి. 2007లో ఒకసారి, 2017లో ఇంకోసారి వాటిని జాబితా నుంచి తొలగించారు, రెండుసార్లూ న్యాయస్థానాలు రక్షణను పునరుద్ధరించాయి. రెండోసారి తొలగించాక, 2018లో, వయోమింగ్ 22 వరకు ఎలుగుబంట్లను చంపడానికి వీలు కల్పిస్తూ వేట కాలం ప్రకటించింది. పరిమిత అనుమతుల కోసం 7,000 మందికి పైగా దరఖాస్తు చేశారు. వారిలో తుపాకీకి బదులు కెమెరా పట్టుకుంటామని ప్రకటించి, అనుమతి దక్కితే దాన్ని వాడకుండా ఉంచడానికే పేరిచ్చినవారు కూడా ఉన్నారు. సెప్టెంబరు 24న ఫెడరల్ న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుతో ఆ వేట ఆగిపోయింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ వయోమింగ్ ప్రణాళికలోనే, గ్రాండ్ టీటన్‌కు తూర్పున సందర్శకులకు ఎలుగుబంట్లు తరచుగా కనిపించే ప్రాంతంలో వేట నిషిద్ధ మండలం ఉంది. వేటను కోరుకున్న రాష్ట్రమే వీక్షణ ప్రాంతానికి ప్రత్యేకత ఉందని ఒప్పుకున్న ఈ ఉదాహరణ మీ ఉత్తరంలో చాలా విలువైనది.

వీక్షణ ప్రాంతం దగ్గర ప్రశ్న ఎన్ని ఎలుగుబంట్లు చచ్చాయని కాదు, ఏవి చచ్చాయన్నది. గోధుమ ఎలుగుబంట్లు నెమ్మదిగా పెరిగే జీవులు. ఆడది సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల వయసులో మొదటిసారి పిల్లల్ని కంటుంది, వాటిని రెండు మూడేళ్లు వెంట తిప్పుకుంటుంది, ఆ తర్వాతే మళ్లీ ఈనుతుంది. మనుషుల సమక్షంలో నిశ్చింతగా మసలే ఎలుగుబంట్లు ఏ వీక్షణ ప్రాంతంలోనైనా కొన్నే ఉంటాయి. ఆ నిశ్చింత తల్లి నుంచి పిల్లలకు చేరుతుంది. గ్రాండ్ టీటన్ దగ్గర 399 అనే సంఖ్యతో ప్రసిద్ధమైన ఆడ గ్రిజ్లీ 1996లో పుట్టి, రోడ్ల పక్కనే కాన్పు తర్వాత కాన్పు పిల్లల్ని పెంచి, 2024 అక్టోబరులో వాహనం ఢీకొని మరణించింది. మొత్తం సంఖ్యలో ఆ ఎలుగుబంటి ఒకటి మాత్రమే. దాన్ని చూడడానికి వచ్చినవారి లెక్కలో, దాని సంతానం లెక్కలో అది ఒకటి కాదు. సంఖ్యల పట్టికలో కనబడని ఈ తేడాను స్పష్టంగా రాయగలిగితే మీ ఉత్తరంలో సగం పని అయినట్టే.

దీనికి పొరుగు ఆధారం ఒకటి అలాస్కాలోని డెనాలి జాతీయ ఉద్యానం తోడేళ్ల నుంచి దొరుకుతుంది. ఉద్యానం సరిహద్దు వెంట ఉన్న వేట నిషిద్ధ వలయాన్ని 2010లో గేమ్ బోర్డు ఎత్తివేసింది. ఆ వలయం అమలులో ఉన్న సంవత్సరాలలో సందర్శకులకు తోడేళ్లు కనబడే అవకాశం గణనీయంగా ఎక్కువగా ఉందని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. అది ఎలుగుబంట్ల గురించి కాదన్న సంగతిని దాచకుండా, సరిహద్దు వెంట వేట లోపలి వీక్షణ మీద ఎలా ప్రభావం చూపుతుందో చూపే ఉదాహరణగా మాత్రమే దాన్ని వాడండి. మగ ఎలుగుబంట్లు ఎలుగుబంటి పిల్లల్ని చంపడం గురించి రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. పెద్ద మగ ఎలుగుబంట్లను చంపితే కొత్తగా వచ్చే మగవి పిల్లల్ని చంపడం పెరుగుతుందని స్కాండినేవియాలో 1990లలో జరిగిన పరిశోధన సూచించింది. ఉత్తర అమెరికాలో ఆ ప్రభావం కనబడలేదన్న పరిశోధకులూ ఉన్నారు. తేలని విషయాన్ని తేలినట్టు రాస్తే, దాన్ని ఖండించడానికి ఎదుటిపక్షానికి మీరే అవకాశమిచ్చినట్టవుతుంది.

అలవాటుపడటం వేరు, తిండికి మరగడం వేరు

బోర్డు సమావేశాలలో తరచూ వినబడే వాదన ఒకటుంది: మనుషులంటే భయం పోయిన ఎలుగుబంటి ప్రమాదకరం, కాబట్టి వేట ఉంటేనే అది దూరంగా ఉంటుంది. దీనికి సమాధానం చెప్పాలంటే రెండు ప్రవర్తనలను విడదీయాలి. మనిషి ఉనికిని పట్టించుకోకుండా తన పని తాను చేసుకునే ఎలుగుబంటి ఒకటి. మనిషిని, గుడారాన్ని, చెత్తకుండీని తిండితో ముడిపెట్టుకున్న ఎలుగుబంటి ఇంకొకటి. రెండోదే దాడులకు, ఆస్తి నష్టానికి, చివరికి దాని చావుకే దారితీస్తుంది. మెక్‌నీల్‌లో రోజుకు 10 మంది, ఒకే దారి, ఒకే చోటు, వెంట సాయుధులైన సిబ్బంది, ఆహారం విషయంలో రాజీలేని నియమాలు ఉంటాయి. ఆ పద్ధతి మొదలైన 1973 నుంచి దశాబ్దాలపాటు అక్కడ సందర్శకులెవరూ ఎలుగుబంటి చేతిలో గాయపడకపోవడం, ఆత్మరక్షణ కోసం ఎలుగుబంటిని చంపవలసి రాకపోవడం ఈ తేడాకు నిలువెత్తు సాక్ష్యం.

మీరు రాస్తున్న ప్రాంతంలో కూడా ఇలాంటి నిర్వహణ ఉందా లేదా ముందు తెలుసుకోండి. లేకపోతే, సందర్శకులు తిండి పడేస్తున్నా, ఫొటోల కోసం దగ్గరకు తోసుకుంటూ వెళ్తున్నా, దాన్ని కప్పిపుచ్చకండి. వేట నిషేధంతోపాటు సందర్శకుల మీద కఠిన నియమాలను కూడా కోరండి. ఎలుగుబంటి నమ్మకాన్ని వాడుకునే హక్కు వేటగాడికి లేదని అంటున్నప్పుడు, కెమెరా పట్టుకున్నవాడికి కూడా హద్దులు ఉండాలనడం న్యాయం.

ఇక తేదీల సంగతి. వీక్షణ కాలం, వేట కాలం ఒకేసారి రావు కాబట్టి ఇబ్బంది లేదన్నది ఎదుటివారి మాట. మెక్‌నీల్ అనుమతులు జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు చివరి వారం వరకు ఉంటాయి. మెక్‌నీల్ ఉన్న అలాస్కా ద్వీపకల్పంలో గోధుమ ఎలుగుబంట్ల వేట బేసి సంవత్సరాలలో అక్టోబరులోనూ, సరి సంవత్సరాలలో మే నెలలోనూ సాగుతూ వచ్చింది. ఈ తేదీలను పక్కపక్కన రాసి చూపండి. మనుషులు తారసపడరన్న మాట నిజమే. కానీ ఆగస్టులో నేర్చుకున్న నిశ్చింతను ఎలుగుబంటి అక్టోబరులో మరచిపోదు.

డబ్బు గురించి రాసేటప్పుడు

అంకెలు కావాలంటే మంచివే ఉన్నాయి. గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్‌లో 2012లో ఎలుగుబంట్ల వీక్షణకు వచ్చినవారు సుమారు 1.51 కోట్ల కెనడా డాలర్లు ఖర్చు చేయగా, ఎలుగుబంట్ల వేట వైపు ఆ ఖర్చు 12 లక్షల డాలర్లని సెంటర్ ఫర్ రెస్పాన్సిబుల్ ట్రావెల్ 2014లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. వీక్షణ రంగంలో 510 ఉద్యోగాలుండగా, వేట మార్గదర్శక సంస్థలలో 11. ఎల్లోస్టోన్‌లో రోడ్డు పక్కన ఎలుగుబంట్లను చూసే అవకాశం నిలిచి ఉండడానికి సందర్శకులు ప్రవేశ రుసుముకు అదనంగా సగటున 41 డాలర్లు చెల్లించడానికి సిద్ధమని అదే సంవత్సరం ఇంకో అధ్యయనం లెక్కగట్టింది.

వీటిని ఎక్కడివో అక్కడే ఉంచండి. కెనడా తీరపు అంకెను అలాస్కా ద్వీపకల్పానికి అంటగడితే, అలాస్కాలో వేటగాడు పెట్టే ఖర్చు వేరని వెంటనే ఎవరో అంటారు. అది నిజం కూడా. ఆ రాష్ట్రంలో నివసించని వేటగాడు గోధుమ ఎలుగుబంటిని వేటాడాలంటే లైసెన్సు ఉన్న మార్గదర్శకుణ్ణి పెట్టుకోవాలి, లేదా అక్కడ నివసించే దగ్గరి బంధువు వెంట ఉండాలి. ఒక ఎలుగుబంటిని చంపడానికి కొనే ట్యాగ్ ఒక్కదానికే 1,000 డాలర్లు. ఒక్కో వేట వెనుక పెద్ద మొత్తమే ఉంటుంది. దీన్ని ఎదుర్కొనే మేలైన మార్గం, ఒకే ఎలుగుబంటిని వేటగాడు ఒక్కసారే కాల్చగలడనీ, సందర్శకులు ఏళ్ల తరబడి చూడగలరనీ, మీరు కోరుతున్నది రాష్ట్రమంతటా నిషేధం కాదు కనుక ఆ మార్గదర్శకుడి జీవనోపాధి పూర్తిగా పోదనీ చెప్పడం.

ఎదుటిపక్షాన్ని గౌరవంగా చదవండి

వేటగాళ్లు సంరక్షణకు డబ్బు కడుతున్నారన్న మాటను కొట్టిపారేయకండి. 1937 నాటి అమెరికా ఫెడరల్ చట్టం పిట్‌మన్-రాబర్ట్‌సన్ కింద తుపాకులు, మందుగుండు మీద వేసే 10 లేదా 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. సందర్శకుల వైపు నుంచి ఆ స్థాయి స్థిరమైన ఆదాయ మార్గం లేదు, ఇది మనవైపు ఉన్న నిజమైన లోటు. వీక్షణ అనుమతుల రుసుము పెంచి శాఖకే ఇవ్వాలని మీరు కోరగలిగితే, బోర్డు ముందు మీ మాటకు బరువు పెరుగుతుంది.

“ఈ రోజు ఒక మైలు, రేపు పది మైళ్లు, ఎల్లుండి రాష్ట్రమంతా” అన్న భయం కూడా వేటగాళ్లలో నిజంగానే ఉంది. దానికి విరుగుడు మీ కోరికకు స్పష్టమైన అంచు పెట్టడమే. ఇక ఆదివాసీ జాతుల జీవనాధార వేటను ట్రోఫీ వేటతో ఒకే గాటన కట్టకండి. బ్రిటిష్ కొలంబియా తీరంలోని ఆదివాసీ జాతులు ప్రభుత్వం కంటే అయిదేళ్ల ముందే, 2012లో, తమ భూభాగాలలో ట్రోఫీ వేటను నిషేధిస్తున్నట్టు తామే ప్రకటించాయి. 2013లో క్వాట్నా నదీముఖం దగ్గర అక్కడి పరిశీలకులకు బాగా తెలిసిన ఒక గ్రిజ్లీని ఒక వేటగాడు చంపినప్పుడు, ఆ వివాదాన్ని దేశం ముందు పెట్టినవారు కూడా వారే.

ఉత్తరం రాయడం

అలాస్కా గేమ్ బోర్డులో గవర్నర్ నియమించి శాసనసభ ఆమోదించే 7 మంది సభ్యులుంటారు. రాష్ట్రంలోని ప్రాంతాలను మూడేళ్ల చక్రంలో వరుసగా చర్చకు తీసుకుంటారు. ప్రతి ప్రతిపాదనకు ఒక సంఖ్య ఉంటుంది. మీ ఉత్తరం మొదటి పంక్తిలోనే ఆ సంఖ్యా, మీరు సమర్థిస్తున్నారా వ్యతిరేకిస్తున్నారా అన్నదీ ఉండాలి. సభ్యుల ముందు వందల పుటలు ఉంటాయి. రెండో పుటలో తేలే వైఖరి వారికి చేరకపోవచ్చు.

రెండో వాక్యంలో మీరెవరో, ఎక్కడ ఉంటారో దాచకుండా చెప్పండి. ఆ రాష్ట్రవాసులు కాకపోతే, మీకు ఈ విషయంతో ఉన్న సంబంధమేమిటో, సందర్శకులుగా వెళ్లారా, వెళ్లబోతున్నారా, రాయండి. స్థానికుడినన్న భ్రమ కలిగించడం కంటే దూరపు సందర్శకుడినని ఒప్పుకోవడమే మంచిది. ఆ తర్వాత స్థలం పేరు, విభాగం సంఖ్య, దూరం. ఆపైన అక్కడి ఎలుగుబంట్లు ఎందుకు వేరో చెప్పే రెండు మూడు వాక్యాలు. ఎదుటిపక్షపు బలమైన వాదనను మీ మాటల్లో, వారు కూడా “అవును, ఇదే మా మాట” అనేటట్టు ఒక వాక్యంలో చెప్పి, దానికి సమాధానం. చివరన మీ కోరిక. ఆ కోరిక ఇలా ఉండవచ్చు: “ప్రతిపాదనను తిరస్కరించాలని కోరుతున్నాను. బోర్డు దాన్ని ఆమోదించదలిస్తే, కనీసం వీక్షణ స్థలం నుంచి ఇన్ని మైళ్ల లోపల, సాల్మన్ వాగులకు ఇరువైపులా వేటను మినహాయించాలి.” రెండో మెట్టు ఇవ్వడం ఓటమి కాదు, అటూ ఇటూ ఊగుతున్న సభ్యుడికి సవరణ ప్రతిపాదించే అవకాశం దొరుకుతుంది.

మొత్తం ఒక పుట దాటకుండా చూసుకోండి. తయారుగా దొరికే నమూనా ఉత్తరాన్ని పేరు మార్చి పంపకండి. ఒకే పాఠం వెయ్యిసార్లు వచ్చినా అందులో ఉన్న సమాచారం ఒక్కటే. ఫెడరల్ సంస్థకు రాసేటప్పుడు ఇది మరీ వర్తిస్తుంది, అక్కడ వచ్చిన వ్యాఖ్యలను ఓట్లుగా లెక్కించరు, వాటిలోని కొత్త వాస్తవాలకు సమాధానం చెప్పడమే వారి బాధ్యత. బెదిరింపులు, తిట్లు, వేటగాళ్ల మీద వ్యక్తిగత నిందలు వద్దు. ఉత్తరం ప్రజా రికార్డులోకి వెళ్తుందన్న సంగతి గుర్తుంచుకొని, మీ ఫోన్ నంబరు వంటివి అడిగిన చోట తప్ప రాయకండి. గడువు సాధారణంగా సమావేశానికి కొన్ని వారాల ముందే ముగుస్తుంది కనుక, ప్రకటన వెలువడిన రోజే ఆ తేదీని రాసిపెట్టుకోండి.

అవకాశముంటే నోటిమాటగా సాక్ష్యం చెప్పండి. సమయం కొద్ది నిమిషాలే ఇస్తారు కాబట్టి ఉత్తరాన్ని చదివి వినిపించకుండా, అందులోని ఒకే ఒక్క అంశాన్ని, వీలైతే పటాన్ని, ముందు పెట్టండి. సభ్యుడు ప్రశ్న అడిగితే తెలిసినంతే చెప్పండి. బోర్డుకు సలహాలిచ్చే స్థానిక సంఘాలు అలాస్కాలో 80కి పైగా ఉన్నాయి. అక్కడ నివసించేవారైతే బోర్డు సమావేశం కంటే ముందు ఆ సంఘం సమావేశానికి వెళ్లడం ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే సంఘం సిఫారసు సభ్యుల ముందున్న దస్త్రంలో ముందే చేరి ఉంటుంది.

తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా దస్త్రాన్ని మూసేయకండి. 2005లో తెరిచినదాన్ని 2007లో మూశారు. మూసినదాన్ని మూడేళ్ల తర్వాత వచ్చే చక్రంలో మళ్లీ తెరవమని ఎవరైనా ప్రతిపాదించవచ్చు. సభ్యులు మారుతారు, గవర్నర్లు మారుతారు. ప్రతిపాదన సంఖ్య, ఓట్ల వివరం, ప్రతి సభ్యుడు చెప్పిన కారణం, తర్వాతి చక్రంలో ఆ ప్రాంతం చర్చకు వచ్చే సంవత్సరం ఒకచోట రాసిపెట్టుకోండి. కొత్త ప్రతిపాదనలకు గడువు సాధారణంగా ఆ చక్రానికి ముందు మే నెల మొదట్లోనే ముగుస్తుంది. ఎదుటివారి ప్రతిపాదన కోసం ఎదురుచూడకుండా, వీక్షణ ప్రాంతపు సరిహద్దును స్పష్టంగా గీసే మీ ప్రతిపాదనను అప్పుడే మీరే పంపవచ్చు.